దవడలో గులకరాళ్లు

నల్లగుంట్లపల్లె ధర్మరాజుల గుడిలో ద్రౌపదమ్మ వెండి కిరీటం పోయి ఏడాది. ఆ రాత్రి గుడి మండపంలో పడుకున్న మనిషి దొరస్వామి ఒక్కడే కాబట్టి నింద అతని మీద పడింది. ఏటా ఊళ్లో భారతం జరిగే రోజుల్లో అర్జునుడి వేషం కట్టి, తాటిచెట్టంత ఎత్తున్న తపస్సుమాను ఎక్కి, పైనుంచి పద్యాలు పాడేది అతనే. ఆ గొంతు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వినిపించేది.

గుడి ధర్మకర్త మునిరామయ్య అతన్ని కాణిపాకం తీసుకుపోయాడు. తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయించాడు. అక్కడ అబద్ధం చెప్పినవాడు బాగుపడడని ఆ జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. దొరస్వామి ప్రమాణం చేశాడు. నెల తిరక్కుండా అతని నోరు మూసుకుపోయింది. పళ్ల మధ్య చిటికెన వేలు దూరదు. మాట పళ్ల సందుల్లోంచి వస్తుంది. తిండి గంజి. ఊరికి ఇంకేం కావాలి? దేవుడే తీర్పు చెప్పాడంది.

ఈ ఏటి భారతానికి రేపు సాయంత్రం వేషగాళ్లకు కంకణాలు కడతారు. అర్జునుడి కంకణం ఇంకొకరి చేతికి కట్టారంటే దొరస్వామి దొంగ అన్న మాట ఇక చెరగదు. ఆ నోరు తెరిపిస్తానని తిరుపతిలో డాక్టర్ జ్ఞానాంబ ఒప్పుకుంది. అదీ ముఖం కొయ్యకుండా, చెవి ముందు రెండు సూదిపోట్లంత రంధ్రాలతో. ఇవాళ ఆవిడ సూది చేతిలోకి తీసుకుంది. అదే క్షణంలో ఆపరేషన్ థియేటర్ తలుపు దబదబ మోగింది.

తలుపు కొట్టింది మునిరామయ్యే.

అరవై దాటినా దూలంలా నిలబడే మనిషి. ధర్మకర్త మాత్రమే కాదు, భారతానికి మద్దెల వాయించేదీ ఆయనే, దొరస్వామికి మొదటి పద్యం నేర్పిందీ ఆయనే. వెనక చిన్నబ్బ ఉన్నాడు. చిత్తూరులో మామిడికాయల మండీ జీపు తోలే చిన్నబ్బ భారతంలో కృష్ణుడి వేషం కడతాడు. ఆటలోనే కాదు, ఊళ్లోనూ దొరస్వామికి జతగాడు. పొద్దున్నే జీపులో ముసలాయన్నీ, ఆయన భార్య ఆదిలక్ష్మమ్మనూ తీసుకొచ్చింది అతనే. ఆదిలక్ష్మమ్మ వరండా బెంచీ చివర, నెత్తిన కొంగు కప్పుకుని కూర్చుంది. వచ్చినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు.

నర్సు దేవకమ్మ తలుపు ఓరగా తీసింది.

"ఆపమని చెప్పమ్మా డాక్టరమ్మకు," అన్నాడు మునిరామయ్య. "దేవుడు మూసిన నోరు ఇనుముతో తెరిచేదేంది? రేపు ఊర్లో కంకణం కట్టాల. ఈ పాపం ఊరి మీదికి తెచ్చుకునేదానికి మేము ఒప్పం."

తలుపుకీ ఆయనకీ మధ్యలోకి వచ్చి నిలబడింది దొరస్వామి భార్య మునిలక్ష్మి.

"ఊరు మీది, పాపం మీది. మొగుడు మాత్రం నావాడు పెదనాయనా. సంతకం నేను పెట్టినా."

"నీకు తెలీదు మే. నువ్వు పక్కకుండు."

"నిన్న రాత్రి మీ ఇంట్లో ఏం కూర?"

మునిరామయ్య తెల్లబోయాడు. "కూరేంది ఇప్పుడు? ఏదో... గుర్తు లేదు."

"గుర్తు లేనంత సులువుగా తిన్నావు కదా. ఆయనకు మెతుకు నమిలి ఏడాది. గంజి వడకట్టి పళ్ల సందులో పోసేది నేను. నాకు తెలీకపోతే ఇంగెవరికి తెలుస్తాది?"

వెనక చిన్నబ్బ గొంతు సవరించుకున్నాడు. "పోనీ మామా. చేయనీ. నోరు తెరుచుకుంటే మంచిదే కదా."

"నువ్వు జీపు తోలేదానికి వచ్చినావు. తీర్పు చెప్పేదానికి కాదు."

"ఎవరిదీ గొంతు?" అంటూ డాక్టర్ జ్ఞానాంబ లోపలి నుంచి వచ్చింది. యాభై ఏళ్ల పొట్టి మనిషి. చిత్తూరు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగి, ఈ సన్నగొట్టం పని నేర్చుకోవడానికి జపాన్‌లో ఏడాది ఉండి వచ్చింది. గ్లవ్స్ వేసుకున్న చేతులు దేనికీ తగలకుండా ఛాతీ ముందు ఎత్తి పట్టుకుని ముసలాయన్ని పైనుంచి కిందికి చూసింది. "మద్దెల వాయించే పెద్దాయన మీరేనా? తలుపు వాయించడంలోనే తెలుస్తోంది. చెప్పులు విడిచి, దేవకమ్మ ఇచ్చే గౌను కట్టుకుని లోపలికి రండి."

"నేనా? నేనెందుకు?"

"మీరు బయటుంటే తలుపు కొడతారు. నా చెయ్యి వణుకుతుంది. లోపలుంటే కనీసం కొట్టడానికి ఏమీ ఉండదు."

మునిరామయ్య ఇంకేదో అనబోయాడు. అనేలోపల దేవకమ్మ ఆయన ముక్కుకు మాస్కు కట్టేసింది.

టేబుల్ మీద దొరస్వామి మేలుకునే ఉన్నాడు. నోరు తెరవలేని మనిషికి పూర్తి మత్తు ఇస్తే ఊపిరి గొట్టం వెయ్యడానికి దారి ఉండదు. అందుకని చెవి చుట్టూ మాత్రం తిమ్మిరి సూది వేసింది డాక్టరు. పచ్చబట్ట కప్పగా మిగిలిన ముఖంలోంచి రెండు కళ్లు గురువును గుర్తుపట్టాయి.

"మామా," అన్నాడు పళ్ల మధ్య నుంచి. "నువ్వెందుకు వచ్చినావు?"

"ఇది ఆపేదానికి."

"ఆపు మామా. నేనూ అదే చెప్తా ఉండా వీళ్లకు. నాకొద్దు ఇది."

జ్ఞానాంబ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రోగి, రోగి మీద నింద వేసిన మనిషి ఒకే మాట అనడం ఆవిడ ఇంతవరకు వినలేదు. కానీ ఆవిడకు ఆలోచించే తీరిక లేదు. తిమ్మిరి ఎక్కువసేపు నిలవదు.

"కోర్టు తర్వాత పెట్టుకుందురు గానీ, కదలకుండా పడుకో," అంది.

చెవి ముందు చర్మం మీద చిన్న గాటు. అందులోంచి సైకిలు పుల్లంత సన్నటి గొట్టం మెల్లగా లోపలికి పోయింది. పైన వేలాడదీసిన సీసాలోంచి ఉప్పునీళ్లు ఒక సూది గుండా కీల్లోకి దిగుతున్నాయి. గొట్టం చివర కంటి అద్దానికి ఆవిడ ఒక కన్ను ఆనించింది. తరవాత తల వెనక్కి తీసి ముసలాయన్ని పిలిచింది.

"చేతులు వెనక్కి కట్టుకుని రండి. ఏదీ ముట్టుకోకుండా, ఒక కన్ను మూసుకుని ఇందులో చూడండి."

మునిరామయ్య వంగాడు. మొదట వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. తరవాత ఒక తెల్లటి గుహ కనిపించింది. గుహ నిండా నీళ్లు. ఆ నీళ్లలో నున్నటి, మెరిసే గింజలు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ మెల్లగా దొర్లుతున్నాయి.

"సగ్గుబియ్యం," అన్నాడు ఆయన తనకు తెలియకుండానే.

"సగ్గుబియ్యమే, ఉడకనివి. దవడ కీలు లోపల ఒక పొర ఉంటుంది. కొందరికి ఆ పొర ఎందుకో ఇలా గింజలు పుట్టిస్తుంది. గింజలు విడిపోయి కీల్లో పడతాయి, అక్కడే పెరుగుతాయి. తలుపు సందులో గులకరాళ్లు పడితే తలుపు ఎట్లా తెరుచుకుంటుంది? క్యాన్సర్ కాదు, పక్కకి పాకదు. కానీ తీసేదాకా నోరు తెరుచుకోదు."

"ఎవురు పోసినారు వీటిని?"

"ఎవరూ పొయ్యలేదు. అవే పుట్టాయి."

రెండో రంధ్రంలోంచి ఆవిడ ఇంకో గొట్టం దింపింది. సీసా నీళ్లు ఒక దారిలో పోయి రెండో దారిలో బయటికి రాసాగాయి. నీళ్లతో పాటు గింజలు. దేవకమ్మ పట్టుకున్న స్టీలు గిన్నెలో టిక్కుమని ఒకటి పడింది. వెంటనే ఇంకొకటి. మునిరామయ్య వాటిని చూడటం మాని వినసాగాడు. ఏ చప్పుడైనా చెవితో తూచడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

గిన్నె అడుగు తెల్లబడుతోంది. గింజ పడ్డప్పుడల్లా దొరస్వామి రెప్పలు కొట్టుకుంటున్నాయి. తన దవడలోంచి రాలుతున్న రాళ్ల చప్పుడు తానే వింటున్నాడు.

అంతలో చప్పుడు ఆగింది.

జ్ఞానాంబ గొట్టాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆవిడ నుదుటి మీద చెమట చేరింది. దేవకమ్మ గుడ్డతో అద్దింది.

"ఏమాయె?" అన్నాడు మునిరామయ్య.

"చిన్నవన్నీ వచ్చేశాయి. పెద్దది ఒకటుంది, శనక్కాయ గింజంత. ఎముక వెనక గూట్లో దాక్కుంది. నా పనిముట్టు అక్కడికి అందదు. అది ఉన్నంతకాలం నోరు పూర్తిగా తెరుచుకోదు."

"అయితే కొయ్యండి."

"కోస్తే వస్తుంది. కొయ్యాలంటే ఇదిగో, ఇక్కణ్ణించి ఇక్కడికి." ఆవిడ గాల్లో వేలితో గీత గీసి చూపించింది. "మొహాన్ని కదిలించే నరం ఈ దారినే పోతుంది. అది తెగితే ఈ పక్క కన్ను మూతపడదు. పెదవి కిందికి జారిపోతుంది. అర్జునుడి వేషం సంగతి మీరే చెప్పాలి."

మునిరామయ్యకు ఊరి మాట ఇప్పుడే వినిపించినట్టయింది. దేవుడు నోరు మూశాడు, చాలక మొహం కూడా వంకర చేశాడు. ఆ మాట అనేవాళ్లలో తన గొంతే అందరికంటే ముందుంటుందని కూడా ఆయనకు తెలుసు. ఎందుకో ఆ గొంతు ఆయనకు నచ్చలేదు.

"ఇంకో దారి లేదామ్మా?"

"ఒకటుంది. ఇతను మేలుకుని ఉన్నాడు కాబట్టి ఉంది." జ్ఞానాంబ రోగి కళ్లలోకి చూసింది. "దొరస్వామీ, నోరు తెరిచేటప్పుడు దవడ బుడిపె ముందుకు జారుతుంది. అది జారితే వెనకున్న గింజ దానితో పాటు ముందుకు రావచ్చు. రాళ్లు చాలా పోయాయి, ఇప్పుడు వేలు పట్టేంత తెరుచుకుంటుంది. కానీ ఒక్కసారి తెరిచి మూస్తే లాభం లేదు. తెరిచి, అట్లాగే నిలబెట్టాలి. పాడేవాడివి గదా. రాగం తియ్యి."

దొరస్వామి తల అడ్డంగా ఊపబోయి, ఊపకూడదని గుర్తొచ్చి ఆగాడు.

"నేను పాడకూడదు."

"ఎవరన్నారు?"

అతను కళ్లు మూసుకున్నాడు. కంటి కొసనుంచి నీరు కారి చెవి దగ్గరి పచ్చబట్టలోకి ఇంకింది.

ఏ చేతులతో ఏదీ ముట్టుకోవద్దన్నారో, ఆ చేతులు మునిరామయ్య వెనక కదలసాగాయి. కుడిచేతి వేళ్లు ఎడమ అరచేతి మీద పడుతున్నాయి. మొదట చాలా మెల్లగా. తపస్సుమాను మొదలు దగ్గర అర్జునుడు చెయ్యి వేసేటప్పుడు వాయించే నడక అది. ఆ నడక వింటే దొరస్వామి నిద్రలో కూడా లేచి కూర్చుంటాడు.

"ఎత్తుకో రా," అన్నాడు మునిరామయ్య.

దొరస్వామి కళ్లు తెరిచాడు.

"మామా, నువ్వా చెప్తా ఉండేది?"

"నేనే. ఎత్తుకో. పైమెట్టు కాడ పాడే రాగం. కింద బిడ్డల కోసం మొక్కుకుని అంతమంది ఆడబిడ్డలు కొంగులు పరుచుకుని పడుకోనుండారు అనుకో. నువ్వు పాడకుంటే వాళ్లు లేవరు."

రాగం మొదలైంది. మొదట ముక్కులోంచి, మూసిన పళ్ల వెనకనుంచి, గదిలో దీపం పెట్టీపెట్టనట్టు. తరవాత పెదవులు విడిపోయాయి. పళ్లు విడిపోయాయి. 'ఆ' అనే అక్షరం ఏడాది తరవాత ఆ నోట్లో చోటు వెతుక్కుంటోంది.

"ఆపొద్దు," అంది జ్ఞానాంబ, కన్ను అద్దానికి ఆనించి. "ఇంకా."

వేళ్ల నడక పెరిగింది. రాగం ఒక మెట్టు ఎక్కింది. అప్పుడు దవడలో టక్ మని చప్పుడైంది.

మునిరామయ్య వేళ్లు ఆగిపోయాయి.

"వాయించండి, వాయించండి," అంది డాక్టరు.

ఆయన వాయించాడు. కానీ ముఖం మారిపోయింది. తెలిసిన మనిషి ఎదురుపడి పేరు గుర్తురానట్టు ఆయన ఆ చప్పుడునే చూస్తున్నాడు.

రాగం రెండో మెట్టు ఎక్కింది. మళ్లీ టక్. "వచ్చింది," అంది జ్ఞానాంబ. గొంతు పెంచలేదు. "బయటికి వచ్చింది. అట్లాగే పట్టు దొరస్వామీ, ఊపిరి ఉన్నంతసేపు పట్టు." చీమ నోరంత పటకారు రెండో గొట్టంలోంచి లోపలికి పోయింది. గింజ గొట్టంలో పట్టదు. ఆవిడ గింజనూ గొట్టాన్నీ కలిపే వెనక్కి లాగింది. గాటు చర్మం కాస్త సాగి, వదిలింది. స్టీలు గిన్నెలో ఠంగుమని మోగింది.

రాగం ఆగలేదు. డాక్టరు ఆపమన్నా ఆగలేదు. మునిలక్ష్మి బయటి నుంచి తలుపు తోసుకుని వచ్చేసింది. అది థియేటరని, లోపలికి రాకూడదని ఆవిడకు చెప్పడానికి దేవకమ్మకు నోరు రాలేదు.

గాట్ల మీద చిన్న ప్లాస్టరు ముక్కలు అంటించి, దొరస్వామిని వరండా పక్క గదిలోకి తెచ్చి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. కింద వీధిలో గుండు చేయించుకున్న కుటుంబం ఒకటి అలిపిరి వైపు ఆటో బేరమాడుతోంది.

"కన్ను గట్టిగా మూయి," అంది జ్ఞానాంబ. మూశాడు. "బుగ్గ పూరించు." పూరించాడు. "నవ్వు." నవ్వాడు. రెండు పెదవి కొసలూ సమంగా లేచాయి. "నరం క్షేమం. ఇప్పుడు నీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టు."

దొరస్వామి భార్య వైపు చూసి, వేళ్లు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడోది కాస్త ఆగి దూరింది.

మునిలక్ష్మి నవ్వుతూ ఏడ్చింది. "ఇంగ చాల్లే, తియ్యి. ఎప్పుడూ నోట్లో వేళ్లేనా? ఈ రాత్రికి సంగటి ముద్ద పెడతా."

"ఈ రాత్రికి మెత్తటి అన్నం," అంది డాక్టరు. "సంగటి వచ్చే వారం."

మునిరామయ్య, ఆదిలక్ష్మమ్మ, చిన్నబ్బ మంచం కాళ్ల దగ్గర నిలబడ్డారు. జ్ఞానాంబ గిన్నెలోంచి పెద్ద గింజను తీసి గాజుపలక మీద పెట్టింది. ఎముకలు కోసే కత్తెరతో దాన్ని రెండుగా చీల్చింది. పైన తెల్లటి నున్నటి పొర. లోపల పచ్చగా, గరుగ్గా ఎముక.

"పెద్దాయనా, ఇది చూడండి. మొదట ఇది మెత్తగా పుడుతుంది. లోపల ఇట్లా ఎముకగా మారడానికి ఏళ్లు పడుతుంది. మీరు కాణిపాకం పోయింది ఎప్పుడు?"

"పోయిన భారతం అయినాక."

"అప్పటికే ఇది వీడి దవడలో పెరుగుతూ ఉంది. మీ దేవుడి సంగతి నేను మాట్లాడను, ఆయన పని ఆయనది. ఈ గింజ వయసు మాత్రం నాకు తెలుసు. ప్రమాణం కంటే ఇది పెద్దది."

"మీరు చెప్పింది ఊరు నమ్మల్ల కదా," అన్నాడు మునిరామయ్య. గొంతులో మునుపటి బిగువు లేదు.

"ఊరెందుకు మామా, నువ్వు చెప్పు," అన్నాడు చిన్నబ్బ. అందరూ అతని వైపు చూశారు. "మూడేండ్ల కింద ఆటకు ముందు ఒద్దికలు చేసేటప్పుడు ఏమంటివి? 'రేయ్ దొరసామీ, రాగం పైకెత్తినప్పుడంతా నాలికతో తాళం వేస్తా ఉండావు, నా మద్దెల తప్పుతా ఉండాది' అని కట్టె తీసుకుని లేచినావు కదా. వీడు వేయలేదంటే నమ్మితివా? ఆ పూట అన్నం కూడా పెట్టనీలేదు."

మునిరామయ్య గింజ వైపే చూస్తున్నాడు.

"అవును," అన్నాడు చివరికి. "ఇందాక లోపల విన్నా. అదే చప్పుడు. మూడేండ్లుగా నా చెవిలో ఉండాది. తాళం తప్పినాడని వీణ్ణి తిడితిని గానీ, ఆ చప్పుడు యాడి నుంచి వస్తా ఉండాదో కనుక్కోలేదు." ఆయన మంచం దగ్గరికి వచ్చి శిష్యుడి దవడ మీద అరచెయ్యి ఆనించాడు. "నేను విన్న చప్పుడుకే నేను సాక్షి చెప్పకుంటే, ఇంగ ఆ మద్దెల ఎందుకు? రేపు సాయంత్రం గుడి ముందర నేనే చెప్తా. దేవుడు వీడి నోరు మూయలేదు, మనం మూసినామని. అర్జునుడి కంకణం నా చేత్తో వీడికే కడతా."

మునిలక్ష్మి వంగి ఆయన కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన ఆపాడు. ఏడాదిగా ఆ క్షణం కోసం ఆవిడ ఎన్ని మాటలు దాచుకుందో, ఒక్కటీ గుర్తు రాలేదు.

"కడతావు మామా," అన్నాడు దొరస్వామి. మాటలు ఇప్పుడు గుండ్రంగా, నిండుగా వస్తున్నాయి. "కానీ నేను కట్టించుకోను."

"ఏంది?"

"కాణిపాకంలో నాచేత రెండు మాటలు చెప్పించినావు. కిరీటం నేను తీయలేదని ఒకటి. అది నిజం. తీసిందెవరో నాకు తెలీదని ఒకటి. అది అబద్ధం. మండపంలో పడుకోనుండి నేను చూసినా. నోరు పడిపోయినప్పుడు ఊరికంటే ముందు నేనే అనుకున్నా, ఆ రెండో మాటకే ఇది అని. అందుకే ఏ ఆస్పత్రికీ రానన్నా. ఇది ఈడ్చుకొచ్చింది." భార్య వైపు తల తిప్పాడు. "జబ్బు వేరే అని ఇప్పుడు తెలిసింది. సంతోషమే. కానీ ఆడిన అబద్ధం అబద్ధమే కదా. దాంతో మాను ఎక్కలేను."

"నాక్కూడా చెప్పలేదే," అంది మునిలక్ష్మి. ఆవిడ గొంతు చల్లబడింది.

"ఎవరు రా?" అన్నాడు మునిరామయ్య.

"చెప్పను మామా. నోరు తెరుచుకునిందని అంతా చెప్పాల్నా?"

"వాడు చెప్పడు."

ఈ మాట అన్నది ఆదిలక్ష్మమ్మ. నెత్తి మీది కొంగు జారిపోయింది. ఆవిడ దాన్ని సరిచేసుకోలేదు.

"తల్లి పోయినప్పుడు వాడికి నా చేత్తో ముద్దలు పెట్టి పెంచినా. అందుకని చెప్పడు. నేనే చెప్తా. కిరీటం తీసింది నేను."

మునిరామయ్య మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"ఏటా అమ్మవారి కిరీటం తోమేది నేనే కదా. పోయినేడు చింతపండు పెట్టి తోమితే, తెల్లపూత పోయి ఎర్రగా రాగి బయటపడింది. మన వెండి కిరీటం కాదు అది. ఎవరో మార్చేసినారు. పూలు కప్పి అట్లనే అమ్మవారికి పెట్టేసి వచ్చినా. తెల్లారి పంచాయితీ వాళ్లు చూస్తే ఎవర్ని అంటారు? తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నోణ్ణి. నిన్ను. అందుకే ఆ రాత్రి నువ్వు నిద్రపోయినాక తాళంచెవి విప్పుకుని పోయి, ఆ రాగి కిరీటం ఎత్తుకొచ్చినా. మన వడ్ల కుండలో ఉండాది. వీడు ప్రమాణం చేసి బయటపడతాడు లే అనుకున్నా. నోరు పడిపోయినాక నాకు వణుకు పుట్టింది. నా తప్పుకు దేవుడు ఈ బిడ్డ నోరు మూసినాడని ఏడాదిగా ఏ పూటా నాకు ముద్ద దిగలేదు."

డాక్టర్ జ్ఞానాంబ మాస్కు విప్పి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"అసలు కిరీటం మార్చిందెవరు?" అన్నాడు మునిరామయ్య. ఆ ప్రశ్న ఆయన తనను తానే అడుగుతున్నట్టుంది. ధర్మకర్త మొలతాడు నుంచి గుడి తాళంచెవి దిగకూడదు. ఆయన తండ్రి కాలం నుంచి ఉన్న కట్టు అది.

"నువ్వు మేలుకుని దాన్ని విప్పి ఇచ్చింది ఒక్కసారే," అంది ఆదిలక్ష్మమ్మ. "పోయినేడు భారతానికి ముందు. జొరంతో పడుకోనుంటివి. గర్భగుడికి సున్నం కొట్టల్ల, తాళంచెవి ఇయ్యి మామా అని వచ్చి అడిగినాడు. ఒక రాత్రి ఉంచుకుని పొద్దున ఇచ్చినాడు. ఎవరో గుర్తుకు తెచ్చుకో."

మునిరామయ్య మెల్లగా వెనక్కి తిరిగాడు. అందరి కళ్లూ ఆయనతో పాటే తిరిగాయి.

ఇంతవరకు చిన్నబ్బ నిలబడిన చోట ఎవరూ లేరు. గది తలుపు ఊగుతోంది.

కింద వీధిలో జీపు స్టార్టయింది.

మునిలక్ష్మి వరండా పిట్టగోడ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ వెనకే దొరస్వామి మంచం దిగాడు. "లేవకూడదు," అంటున్న డాక్టరును దాటుకుని, గోడ పట్టుకుని నిలబడ్డాడు. జీపు అప్పటికే మలుపు దగ్గరికి చేరింది. పరిగెత్తి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

దొరస్వామి ఊపిరి తీసుకుని నోరు తెరిచాడు. తపస్సుమాను పైమెట్టు మీద నిలబడి తెరిచినంత తెరిచాడు.

"రేయ్... చిన్నబ్బా."

ఆ పిలుపు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. ఆటో బేరమాడుతున్న గుండ్ల కుటుంబం తల పైకెత్తింది. ఎదుటి లాడ్జి కిటికీలు తెరుచుకున్నాయి. ఆ గొంతులో కోపం లేదు. కృష్ణుణ్ణి అర్జునుడు పిలిచే పిలుపు అది. ఏడాదిగా చిన్నబ్బ విననిది.

మలుపులో జీపు ఆగింది. చాలాసేపు ఇంజను ఆడుతూనే ఉంది. తరవాత అదీ ఆగింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఎక్కుతున్నారు, ఆగుతున్నారు, మళ్లీ ఎక్కుతున్నారు. మునిరామయ్య తల ఒక పక్కకి వంచి విన్నాడు.

"వాడొక్కడే కాదు," అన్నాడు. "ఇద్దరు వస్తా ఉండారు. ఆగేది దొంగ, ఎక్కేది మన కృష్ణుడు."